పెదనాన్న వేణ్ణీళ్ళు

ఏలూరులో నేను సుగరు చూపించుకునే డాక్టరుగారి దగ్గర ఈమధ్య ఒక కొత్త పద్ధతి పెట్టారు. మందులు రాయించుకుని బయటికి రాగానే పక్కగదిలో ఒక అమ్మాయి కూర్చోబెట్టి మాట్లాడుతుంది. మనవరాలి వయసు పిల్ల, మెత్తని మాట, చేతిలో పలకంత ఫోను. "మేడం, ఈ సంవత్సరానికి మీకు మూడు గోల్స్ పెట్టుకుందామండీ. ఒకటి ఫిజికల్, ఒకటి స్పిరిచ్యువల్, ఒకటి మెంటల్. చెయ్యగలిగినవే, చిన్నచిన్నవే" అంది. నాకు నవ్వొచ్చింది. పిల్ల నొచ్చుకుంటుందేమోనని ఆపుకోబోతే నవ్వు కాస్తా దగ్గయింది, దగ్గు కాస్తా కళ్ళనీళ్ళయింది. ఆ అమ్మాయి కంగారుగా మంచినీళ్ళ గ్లాసు అందించి, "నేనేమైనా తప్పుగా అన్నానా అండీ?" అని అడిగింది. "లేదు తల్లీ. ఈ మూడూ నన్ను కైకలూరులో పరికిణీలు కట్టుకునే రోజుల్లోనే అడిగారు. ఇంగ్లీషు ముక్కలు లేవు, అంతే తేడా" అన్నాను.

మొదటి రెండూ గడగడా చెప్పేశాను. పొద్దున్నే కాలవగట్టున నడుస్తాను. రోజూ ఒక కీర్తన పైకి చదువుతాను, వినేవాళ్ళు లేకపోయినా సరే. ఆ పిల్ల ఫోన్లో టకటకా కొట్టుకుని, "మరి మనసుకి?" అన్నట్టు తలెత్తి చూసింది. మూడోది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "వచ్చేసారి చెబుతానమ్మా" అని సంచీ తీసుకుని లేచాను. మా ఊరు తాడేపల్లిగూడెం వెళ్ళే పాసింజరు కోసం స్టేషన్లో కూర్చున్నంతసేపూ ఆ మూడోదే గొంతులో ముల్లులా ఆడింది.

అదేమిటో చెప్పాలంటే ముందు మా గీజరు సంగతి చెప్పాలి. తాడేపల్లిగూడెంలో మా ఆయన రిటైరయ్యాక రోజూ సాయంత్రం కాలవగట్టు మీద నడిచి వచ్చేవారు. ఎండాకాలమైనా సరే, రాగానే ఒంటిమీద వేణ్ణీళ్ళు పడాలి. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిన కాసేపటికి నేను గీజరు వేసేదాన్ని. పోయిన వానాకాలంలో ఆయన పోయారు. నా చేత్తోనే గుప్పెడు మట్టి వేసి వచ్చాను. అయినా ఇప్పటికీ పొద్దు వాలేసరికి నా చెయ్యి దానంతటదే వెళ్ళి స్విచ్చి నొక్కుతుంది. ఎర్రదీపం వెలుగుతుంది. నీళ్ళు కాగుతాయి. నేను వంటింట్లో కూర్చుని ఆ సన్నని రొద వింటూ ఉంటాను. మతిమరుపు కాదు. మతిమరుపైతే మాత్రలుంటాయి, ఒక పేరన్నా ఉంటుంది. అన్నీ తెలిసే వేస్తున్నాను. అదే నా భయం. ఎందుకంటే ఇలా నీళ్ళు కాచిన మనిషిని నేను చిన్నప్పుడు చూశాను, ఆవిడతో ఒకే చాప మీద పడుకున్నాను, ఆవిడ మనసు ఎంత అంచుకి వెళ్ళిందో కళ్ళారా చూశాను.

ఆవిడ మా పెద్దమ్మ, అమ్మకి అక్క. మా అమ్మా నాన్నా పెదవేగి అవతల ఒక పల్లెలో బడిపంతుళ్ళు. అక్కడ హైస్కూలు లేక నన్ను కైకలూరులో పెద్దమ్మ దగ్గర వదిలారు. ఆవిడ మిషను బడిలో చిన్నపిల్లలకి చెప్పేది. పెదనాన్న కొల్లేట్లో, కొల్లేటికోట దాటాక ఒక లంకలో మాస్టారు. రోజూ పొద్దున దోనె మీద వెళ్ళి సాయంత్రం దోనె మీదే వచ్చేవారు. వాళ్ళకి పిల్లల్లేరు, నేనే పిల్లని. మొదటి రోజే పెదనాన్న నన్ను చూసి, "ఇదేంటే, పిల్లని పంపించమంటే పుల్లని పంపించారు" అన్నారు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా పేరు విమల కాదు, పుల్లే.

ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. సందు మొదట్లో ఎండుచేపల వాసన, దాన్ని దాటితే తడిసిన తాటాకు వాసన, సాయంత్రమైతే అన్నిటి మీదా కొబ్బరి డొక్కల పొగ. పెరట్లో తాటాకు దడి కట్టి, దడి వెనక మూడు రాళ్ళ పొయ్యి మీద ఒక పెద్ద ఇత్తడి కాగు పెట్టేవారు. అడుగంతా మసి, పైన మెరుపు. కొల్లేరు బురద పొడిగా ఉంటే ఏమీ చెయ్యదు గానీ, ఒంటిమీద తడిగా ఉండిపోతే దురద. అందుకని పెదనాన్న వచ్చేసరికి నీళ్ళు కాగి ఉండాలి. కొంగలు గూళ్ళకి మళ్ళే వేళకి పెద్దమ్మ డొక్కలు ఎగదోసేది. ఆయన గుమ్మంలోంచే, "ఏమోయ్, కాగాయా?" అని కేకేసేవారు. "కాగి, చల్లారి, మళ్ళీ కాగుతున్నాయి. మీ దోనె నడిపేది తాబేలా ఏంటండీ?" అనేది ఈవిడ. ఆయన రాయి మీద ముందుకి వంగి కూర్చుంటే బీరపీచుతో వీపు రుద్దేది. దడి ఇవతల ఎక్కాలు చదువుకుంటున్న నాకు ఆయన మాటలన్నీ వినబడేవి. "దేవుడు మనిషికి రెండు చేతులిచ్చాడే గానీ, వీపు మధ్యకి అందేట్టు ఇవ్వలేదోయ్. అందుకే పెళ్ళి పెట్టాడు." ఈ మాట వారానికొకసారైనా అనేవారు. పెద్దమ్మ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేది.

మూడు తీర్మానాల ఆచారం కూడా ఆయన పెట్టిందే. కొత్త సంవత్సరం పొద్దున గుడి నుంచి, అంటే మా చర్చి నుంచి వచ్చాక, టిఫిను తినకముందే, ఇంట్లో వాళ్ళందరం నడవాలో నిలబడాలి. ఒక్కొక్కరూ మూడు చెప్పాలి: ఒంటికొకటి, ఆత్మకొకటి, మనసుకొకటి. రాసుకోకూడదు. రాసుకుంటే కాగితం మోస్తుంది గానీ మనిషి మొయ్యడని ఆయన వాదన. పైకి చెప్పాలి, మిగతావాళ్ళు "విన్నాం" అనాలి. అక్కడితో ఒప్పందం అయిపోయినట్టు. నేను మొదటి ఏడు, "మంచి పిల్లలా ఉంటాను" అన్నాను. "అది తీర్మానం కాదే పుల్లా, అది ముఖస్తుతి. చేతులతో ఏం చేస్తావో చెప్పు" అన్నారాయన. అప్పుడు కాస్త ఆలోచించి, ఒంటికి పచ్చి చింతకాయలు మానేస్తాననీ, ఆత్మకి కుటుంబ ప్రార్థనలో నిద్రపోననీ, మనసుకి పక్కింటి పిల్ల జడగంటలు చూసి ఏడవననీ చెప్పాను. "విన్నాం" అన్నారు ఇద్దరూ, ఒక్క నవ్వు లేకుండా, పెద్దమనిషికి జవాబు చెప్పినట్టు. వేడి ఇడ్లీలు చల్లారిపోయాయి గానీ, నేను ఒక జానెడు ఎత్తు పెరిగినట్టనిపించింది.

ఆయన పోయిన రోజు గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. మధ్యాహ్నం నుంచి గాలివాన. బడి తొందరగా వదిలేసి బయల్దేరారని లంకవాళ్ళు చెప్పారు. గాలి తగ్గాక కిక్కిస పొదల్లో దోనె దొరికింది. మనిషి దొరకలేదు. జాలర్లు వలలేసి వెతికారు, ఈదగలిగినవాళ్ళంతా ఈదారు. కొల్లేరు ఆయన్ని మళ్ళీ ఇవ్వలేదు. శవం లేదు కాబట్టి పెట్టె లేదు, పెట్టె లేదు కాబట్టి సమాధి లేదు. పాస్టరుగారిని మావైపు అయ్యగారనే అంటాం. ఆయన వచ్చి, "అమ్మా, జ్ఞాపకార్థ ప్రార్థన ఒకటి పెట్టుకుందాం" అంటే పెద్దమ్మ చాలా మర్యాదగా, "ఎవరికండీ?" అంది. అయ్యగారు టోపీ చేతిలో తిప్పుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఆవిడ కాగు పెట్టింది. మర్నాడూ పెట్టింది. నీళ్ళు కాగేవి, పొయ్యి ఆరేది, నీళ్ళు చల్లారేవి. పొద్దున లేవగానే ఆ నీళ్ళన్నీ మునగచెట్టు మొదట్లో పోసేది. వాటిని నన్ను గానీ ఇంకొకరిని గానీ ముట్టుకోనిచ్చేది కాదు. ఆయన బీరపీచు దడి మీదే ఎండి బిగుసుకుపోయింది. మిగతా అన్నిటా మామూలుగానే ఉండేది, అదే ఇంకా భయంగా ఉండేది. బడికి వెళ్ళేది, పిల్లలకి పాఠాలు చెప్పేది, నాకు తల దువ్వేది. పొద్దు వాలిందంటే మాత్రం మాటలాగిపోయి, చెవి గుమ్మం వైపు వంగేది.

కొన్నాళ్ళకి పెదనాన్న తల్లి మా దగ్గరికి వచ్చి ఉండిపోయింది. నేను మామ్మ అనేదాన్ని. మోకాళ్ళు పోయిన ముసలమ్మ, ముక్కుపొడి డబ్బీ, కత్తిలాంటి నోరు. కొడుకు పోయాడని ఆవిడకి తెలుసు. కోడలు ఒప్పుకోవడం లేదని మండిపడేది. "నా కొడుక్కి ఒక పాట లేదు, ఒక ప్రార్థన లేదు. నీళ్ళలో ఉన్నవాడికి నీళ్ళు కాస్తావేంటే!" అని ఒకసారి అనేసింది. పెద్దమ్మ వెళ్ళి పొయ్యిలో డొక్కలు ఎగదోసింది. రంగు చీర మానలేదు, కాగు మానలేదు. ఆ ఇద్దరి మధ్యా అన్నం తినడం నాకు చాలా కష్టంగా ఉండేది.

ఆ తరవాత వచ్చిన కొత్త సంవత్సరానికి ముగ్గురం నడవాలో నిలబడ్డాం. ఆయన లేకుండా ఆ ఆచారం ఉంటుందనుకోలేదు. కానీ పెద్దమ్మే మమ్మల్ని పిలిచింది. ఒంటికీ ఆత్మకీ ఏదో చెప్పి, "మనసుకి... సాయంత్రం కాగు పెట్టను" అంది. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. తనకి తెలుసన్నమాట! తను ఏం చేస్తోందో తనకి తెలుసు. నేను "విన్నాం" అన్నాను. మామ్మ కూడా అంది. ఆ రోజునుంచి బడి నుంచి వస్తూ సందు మొదట్లో ఆగి వాసన చూసేదాన్ని. ఎండుచేపలు, తాటాకు. పొగ లేకపోతే పరుగెత్తుకుంటూ ఇంటికి వెళ్ళేదాన్ని. ఆ నెల గడవకుండానే ఒక సాయంత్రం పొగ వాసన వచ్చింది. నేను సందులోనే పుస్తకాల సంచీ మీద కూర్చుండిపోయాను.

మరుసటి ఏడూ అదే తీర్మానం. ఈసారి మామ్మ "విన్నాం" అనలేదు. "వినలేదు. పోయినేడు విన్నానుగా, ఏం ఉద్ధరించావ్?" అంది. "మరి నీ తీర్మానాలు చెప్పు మామ్మా" అన్నాను మాట మార్చడానికి. "నాకు ఒళ్ళెక్కడుందే, ఉన్నవి ఎముకలు. ఆత్మ సంగతి దేవుడు చూసుకుంటాడు. మనసంటావా, దానికేం కావాలో నేనే చూసుకుంటా" అని కర్ర పుచ్చుకుని లోపలికి పోయింది. ఆవిడ మనసులో ఏముందో మాకప్పుడు తెలియలేదు.

తెలిసిన సాయంత్రం నాకిప్పటికీ నిన్నటిలా ఉంది. పెద్దమ్మ మళ్ళీ కాగు పెట్టడం మొదలుపెట్టి చాలా రోజులైంది. నడవాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నేను పక్కన లెక్కలు చేసుకుంటున్నాను. పెరట్లోంచి చప్పుడు వినబడింది. చెంబు కాగు అంచుకి తగిలిన చప్పుడు. తరవాత ఒంటిమీద నీళ్ళు పడి, రాయి మీద జారి, కాలవలోకి పోతున్న చప్పుడు. మళ్ళీ చెంబు. మళ్ళీ నీళ్ళు. పెద్దమ్మ చెయ్యి బియ్యంలో ఆగిపోయింది. ఆవిడ ముఖం వైపు చూశాను, చూడకుండా ఉండాల్సింది. అంత సంతోషం నేను ఆ తరవాత ఏ మనిషి ముఖంలోనూ చూడలేదు. ఆవిడ చేట పక్కన పెట్టి, దండెం మీది తువ్వాలు తీసుకుని, పరుగెత్తకుండా, ఎప్పుడూ వెళ్ళినట్టే పెరట్లోకి వెళ్ళింది. దడి దగ్గర నిలబడి, "వచ్చారా అండీ?" అంది.

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. "నేనే అమ్మాయ్" అంది మామ్మ గొంతు లోపలినుంచి. "నేనే. వాడు రాడు. రోజూ చల్లారబెట్టి చెట్టు మొదట్లో పారబోస్తున్నావ్. కన్నదాన్ని, నా బిడ్డ నీళ్ళు నేను పోసుకుంటే తప్పా?"

నేను పెద్దమ్మ వెనకే వెళ్ళి నిలబడ్డాను. రాయి మీద మామ్మ, తడిసిన పాతచీర చుట్టుకుని, గూని వీపుతో, వణుకుతూ. పక్కన కాగులో నీళ్ళు ఇంకా తెర్లుతున్నాయి. పెద్దమ్మ పడిపోతుందనుకున్నాను. లేకపోతే ఆ కాగు తన్నేస్తుందనుకున్నాను. అన్నిటికన్నా పెద్ద భయం ఇంకొకటి: ఆ ముసలమ్మ మాట వినబడనే లేదన్నట్టు మళ్ళీ "వచ్చారా" అంటుందేమో, ఇక అక్కణ్ణుంచి మా దగ్గరికి తిరిగి రాదేమో అని. పొయ్యిలో డొక్క ఒకటి చిటపటలాడి ఆరింది. అప్పుడు పెద్దమ్మ తువ్వాలు దడి మీద వేసి, కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంది. ఎవరినీ ముట్టనివ్వని బీరపీచు తీసి చన్నీళ్ళ బక్కెట్లో ముంచింది. అది మెత్తబడేదాకా పిసుకుతూ నిలబడి, "కాస్త ముందుకి వంగండి అత్తయ్యగారూ" అంది.

మామ్మ వంగింది. పెద్దమ్మ రుద్దడం మొదలుపెట్టగానే ముసలమ్మ, "ఓరి నా తండ్రీ, ఓరి నా నాయనా" అని ఎలుగెత్తి ఏడ్చింది. కొడుకు పోయిన ఇన్నాళ్ళకి ఆవిడ ఏడవడం అదే మొదటిసారని అప్పుడు గుర్తొచ్చింది నాకు. పెద్దమ్మ ఏడవలేదు. కళ్ళు మూసుకుని రుద్దుతూనే ఉంది. మర్నాడు నాకు జడ వేస్తూ, వెనకనుంచి, నా ముఖం చూడనక్కర్లేదు కాబట్టి కాబోలు, "అదే వీపే పుల్లా" అంది. "ఆ కుడి రెక్క ఎముక అలాగే కొంచెం పైకి లేచి ఉంది. కళ్ళు మూసుకుంటే నా చేతికి తేడా తెలియలేదు." ఆ మాట అని జడ బిగించి రిబ్బను కట్టింది. నేను బడికి వెళ్ళాను.

తరవాతి కొత్త సంవత్సరం నడవాలో పెద్దమ్మ నిలబడి, "ఒంటికి, రాత్రి అన్నం మానకుండా తింటాను. ఆత్మకి, గుళ్ళో ఆయన పేరున ప్రార్థన పెట్టిస్తాను. మనసుకి, సాయంత్రం కాగు పెడతాను, అత్తయ్యగారికి" అంది. "విన్నాం!" అని మామ్మ అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు గోడమీంచి తొంగిచూశారు. ఆ తీర్మానం పెద్దమ్మ తప్పలేదు. సందు మొదట్లో పొగ వాసన వస్తే నేను ఆగడం మానేశాను. పెరట్లోంచి ఆ ముసలమ్మ గొణుగుడు, "చర్మం ఊడొస్తోందే, కోడలివా రంపానివా" అన్న తిట్లూ వినబడేవి. పెద్దమ్మ కొన్నిసార్లు నవ్వేది కూడా. ఆ ఇంట్లోంచి పెదనాన్న పోలేదు, అది మాత్రం నిజం. చెంబు చప్పుడు విన్నప్పుడల్లా ఆవిడ చెవి అర క్షణం అటు వంగేది. కానీ అర క్షణమే.

నేను ట్రైనింగు కాలేజీలో ఉండగా మామ్మ పోయింది. ఆ తరవాత పెద్దమ్మ, తను పోయేదాకా, ఒక్కతే ఆ ఇంట్లో చాలా ఏళ్ళుంది. నేను ఉద్యోగం, పెళ్ళి, గూడెం, పిల్లల జ్వరాలు అంటూ ఏడాదికొకసారి చుట్టపుచూపుగా వెళ్ళి వచ్చేదాన్ని. పొద్దున బస్సుకి వెళ్ళి మధ్యాహ్నం బస్సుకి తిరుగుముఖం. సాయంత్రం దాకా ఎప్పుడూ లేను. ఇప్పుడు నన్ను పట్టుకుని పీడిస్తున్నది అదే. మామ్మ పోయాక ఆవిడ కాగు పెట్టిందా? పెడితే ఎవరికి పెట్టింది? మానేస్తే ఎలా మానేసింది? ఒక్కసారి అడిగి ఉంటే చెప్పి ఉండేది. అది నాకు పనికొచ్చే రోజు వస్తుందని ఎవరికి తెలుసు!

ఏలూరు నుంచి వచ్చిన నాలుగు రోజులకి ఊరుకోలేక కైకలూరు వెళ్ళాను. అడగడానికి ఎవరూ లేరు, అయినా వెళ్ళాను. ఇల్లున్నచోట చేపల చెరువు తవ్వేశారు. గట్టు మీద మేత బస్తాలు పేర్చిన షెడ్డు, ఐసు దింపుతున్న ట్రక్కు. షెడ్డు దగ్గరున్న మనిషి, "ఎవరు కావాలండీ?" అన్నాడు మర్యాదగా. "ఎవరూ వద్దు బాబూ, ఇక్కడ మా పెద్దమ్మావాళ్ళ ఇల్లుండేది" అన్నాను. అతను కుర్చీ వేశాడు. పొద్దు వాలుతోంది. ఎవరో స్విచ్చి వేశారు. చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరగడం మొదలుపెట్టాయి, ఒకదాని తరవాత ఒకటి, చూపు ఆనినంత మేరా. నీళ్ళు లేచి నీళ్ళమీద పడుతున్న చప్పుడు. కళ్ళు మూసుకుంటే కొల్లేరంతా ఎవరెవరో రాళ్ళమీద కూర్చుని చెంబులతో పోసుకుంటున్నట్టే ఉంది. నా చెవి అటు వంగింది. "వచ్చారా అండీ" అన్న మాట నా నాలుక మీదికి వచ్చేసింది. పళ్ళు బిగబట్టి లేచి, బస్సెక్కాను.

మర్నాడు సాయంత్రం నా చెయ్యి మామూలుగానే స్విచ్చి దగ్గరికి వెళ్ళింది. ఈసారి దాన్ని ఆపలేదు. ఎర్రదీపం వెలిగాక, మా హాల్లో, ఆయన ఫొటోకి కాస్త పక్కగా నిలబడి, చిన్నప్పుడు నిలబడ్డట్టే చేతులు కట్టుకుని, పైకి చెప్పాను: "మనసుకి, గీజరు మానను. ఆ నీళ్ళు నేనే పోసుకుంటాను." నా గొంతు నాకే పరాయిగా వినబడింది. "విన్నాం" అనేవాళ్ళు ఒక్కరూ లేరు. ఎదురింటివాళ్ళ కుక్కరు కూత పెట్టింది, అంతే.

బాత్రూంలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఇన్నాళ్ళూ కాగి ఊరికే చల్లారిపోతూ వచ్చిన ఆయన నీళ్ళు ఇవాళ చల్లారకముందే చెంబుతో తలమీంచి పోసుకున్నాను. ఎంత వేడిగా ఉన్నాయో, ఇంత వేడి ఎలా పోసుకునేవారో ఈ మనిషి అనుకుని, గట్టిగా ఏడ్చేశాను. చేతులు రుద్దుకున్నాను, కాళ్ళు రుద్దుకున్నాను. వీపు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి పైనుంచి పోనిచ్చినా అందలేదు, కిందనుంచి పోనిచ్చినా అందలేదు. సబ్బు పక్కన పెట్టేశాను. కాస్త ముందుకి వంగి, అలాగే కూర్చున్నాను కాసేపు.